పేర్లు పడేటప్పుడే సినిమా మొదలవ్వాలి: షార్ట్ ఫిల్మ్ టైటిల్స్‌లో సంగీతం, బొమ్మ జత కుదర్చడం ఎలా

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా హాలుకి ఆలస్యంగా వచ్చినవాళ్లు గేటు దగ్గర అడిగే మొదటి మాట "పేర్లు పడ్డాయా?" అని. ఇంకా పడుతున్నాయంటే ఊపిరి పీల్చుకుంటారు, కథ మొదలుకాలేదు కదా అని. ఆ నమ్మకం తప్పని చూపించడమే మంచి టైటిల్స్ పని. పేర్లు పడే ఆ నిమిషంన్నరలోనే ప్రేక్షకుడి మనసు ఏ స్థాయిలో ఉండాలో తేలిపోతుంది. తర్వాత వచ్చే మొదటి సీను దాని మీదే నిలబడుతుంది.

ఈ రెండు జిల్లాల్లో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు చాలామంది టైటిల్స్‌ని చివరి రాత్రికి వదిలేస్తారు. మిగిలిపోయిన షాట్లు ఏరి, నెట్‌లో దొరికిన బీటు కింద వేసి, పైన పేర్లు అతికించి అప్‌లోడ్ చేసేస్తారు. ఇక్కడ వరస తిరగబడింది. ముందు తాళం, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే పేరు. సంగీతం ముందు ఖాయమైతే ఏ షాటు ఎంతసేపు ఉండాలో, ఏ పేరు ఎక్కడ పడాలో అదే చెబుతుంది. బొమ్మలు ముందు పేర్చుకుంటే సంగీతం వాటి వెనక పరిగెత్తడం తప్ప ఏమీ చేయలేదు.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కొత్తపట్నం తీరంలో ఒక ఇల్లు. వేటకెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. ఆరు నెలలకు కొడుకు అదే పడవను మళ్లీ నీళ్లలోకి దించుతాడు. సినిమా 20 నిమిషాలు. టైటిల్స్ 90 సెకన్లు దాటకూడదు, అంతకు మించితే 20 నిమిషాల సినిమా మోయలేదు.

మొదటి మెట్టు: ఒక్క మాట

కాగితం మీద ఒక్క మాట రాయండి. "దుఃఖం" అని రాస్తే పనికిరాదు, అది మరీ వెడల్పు. ఏడుపు, నీరసం, కోపం అన్నీ అందులో పడతాయి. ఒళ్లు ఏం చేస్తుందో చెప్పే మాట కావాలి. మన కథకి "ఎదురుచూపు". ఎదురుచూసే మనిషి మెడ ఎత్తి ఉంటుంది, ఊపిరి సగంలో ఆగి ఉంటుంది. టైటిల్స్ అయిపోయే సరికి ప్రేక్షకుడి ఊపిరి కూడా అలాగే ఆగి ఉండాలి. ఇక మీద ప్రతి షాటునీ, ప్రతి స్వరాన్నీ ఈ మాటకి ఆనించి చూడండి. ఆనకపోతే ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

రెండో మెట్టు: లయ వేగం

ఇక్కడ చిన్న లెక్క ఉంది, దీన్ని వదిలేస్తే తర్వాత అన్నీ కుంటుతాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ సంఖ్యతో 1440ని భాగిస్తే ఒక్కో దెబ్బకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 60 వేగానికి 24 ఫ్రేములు, 72కి 20, 80కి 18, 90కి 16, 96కి 15, 120కి 12. ఇవన్నీ నిండు సంఖ్యలు కాబట్టి కట్ సరిగ్గా దెబ్బ మీద కూర్చుంటుంది. అదే 70 వేగం పెట్టుకుంటే దెబ్బకి 20.57 ఫ్రేములు. 20 అనుకుని లెక్కేసుకుంటూ పోతే ఎనిమిది దెబ్బలకే నాలుగు ఫ్రేములు దాటి తేడా వస్తుంది. చూసేవాడికి కారణం తెలియదు, ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది. ప్రాజెక్టు 25 ఫ్రేములదైతే 1500ని భాగించండి: 60, 75, 100, 125 వేగాలు నిండుగా వస్తాయి.

మరి ఏ వేగం తీసుకోవాలి? సముద్రాన్నే అడగండి. ఒడ్డున నిలబడి స్టాప్‌వాచ్‌తో పది అలలు విరిగేంత సమయం కొలిచి పదితో భాగించండి. అలకి ఆరున్నర, ఏడు సెకన్ల మధ్య వస్తే 72 వేగం తీసుకోండి. ఆ వేగంలో ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బలు, 160 ఫ్రేములు, దాదాపు 6.67 సెకన్లు. ఎనిమిది సెకన్లు వస్తే 60 వేగం, ఆవర్తనం సరిగ్గా 8 సెకన్లు. అలకీ ఆవర్తనానికీ పొత్తు కుదిరితే సంగీతం ఆ తీరం నుంచే పుట్టినట్టుంటుంది, ఎవరో పైనుంచి తెచ్చి వేసినట్టుండదు. కథ రైస్ మిల్లులో జరిగితే మిల్లు చప్పుడు కొలవండి, చీమకుర్తి క్వారీలో జరిగితే డ్రిల్లు ఆగి మళ్లీ మొదలయ్యే వరస కొలవండి.

మన టైటిల్స్‌కి 72 వేగం, 13 ఆవర్తనాలు. మొత్తం 2080 ఫ్రేములు, అంటే 1 నిమిషం 26 సెకన్ల 16 ఫ్రేములు.

ఒక జాగ్రత్త. ప్రాజెక్టు సెట్టింగులో 24 అనుకుని 23.976 పెట్టేవాళ్లు ఎక్కువ. ఆ తేడాకి ఈ నిడివిలో చివరికొచ్చేసరికి రెండు ఫ్రేములు జారతాయి. ఫోనుతో తీసిన వీడియోలో ఫ్రేము రేటు షాటు మధ్యలోనే మారుతూ ఉంటుంది. దాన్ని ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లో వేయండి.

మూడో మెట్టు: గాంధారాన్ని దాచిపెట్టడం

మోహనం, శివరంజని రాగాలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ స రి ప ద ఒకటే. తేడా ఒక్క గాంధారంలో, అంటే గ స్వరంలో. మోహనంలో అంతర గాంధారం, శివరంజనిలో సాధారణ గాంధారం. కీబోర్డు మీద శ్రుతి "సి" అనుకుంటే మోహనం సి, డి, ఇ, జి, ఏ. శివరంజనిలో ఆ "ఇ" ఒక్కటే అరమెట్టు దిగి "ఇ ఫ్లాట్" అవుతుంది. ఆ ఒక్క అరమెట్టుతో వెన్నెల కాస్తా వియోగం అవుతుంది.

ఎదురుచూపుకి ఇంతకన్నా మంచి పనిముట్టు దొరకదు. మొదటి నాలుగు ఆవర్తనాలు గాంధారం తాకకుండా స రి ప ద స్వరాలతోనే నడపండి. మంచి వార్తా చెడు వార్తా తేల్చుకోలేక చెవి ఆగిపోతుంది. సినిమా పేరు పడే క్షణాన సాధారణ గాంధారం వేయండి. అప్పుడు తెలుస్తుంది ఆ ఇంటికి ఏం జరిగిందో. ఇక చివరి సీనులో కొడుకు పడవ దించేటప్పుడు అదే పల్లవి అంతర గాంధారంతో వస్తే, సంగీతం చదువుకోనివాడికి కూడా లోపల ఏదో తెరుచుకుంటుంది.

ఇది చెడిపోయే చోట్లు రెండు. ఒకటి గమకం. రిషభాన్ని, అంటే రి స్వరాన్ని ఊపేటప్పుడు వేణువు వాయించే ఆయన అలవాటు కొద్దీ గాంధారాన్ని తాకి వస్తారు. "రిషభం ఊపొద్దండీ, నిలిపి వాయించండి" అని ముందే అడగండి. రెండోది తంబూర. తంబూర షడ్జమం (స) తీగలో అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది, దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. మనం దాచినదాన్ని తంబూర బయటపెట్టేస్తుంది. అందుకని మంద్ర షడ్జమం, అంటే కింది స్థాయి స పలికే తీగ వద్దు. 131 హెర్ట్జ్ షడ్జమం ఒక్కటే వాడి, 500 హెర్ట్జ్ పైన కోసేయండి. ఆ గాంధారం ఐదో రెట్టు దగ్గర, అంటే 655 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి అణిగిపోతుంది.

సన్నాయి వాడాలనుకుంటే ముందు సన్నాయి శ్రుతి కొలిచి, మిగతావన్నీ దానికి కలపండి. అది మనకోసం శ్రుతి మార్చుకునే వాద్యం కాదు. అప్పుడు పైన చెప్పిన హెర్ట్జ్ అంకెలు కూడా ఆ శ్రుతికి తగ్గట్టు మారతాయి. డప్పు కళాకారులకి చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్) వినిపిస్తూ వాయించమంటే చెయ్యి బిగుసుకుపోతుంది. వాళ్లని వాళ్ల నడకలోనే వాయించనిచ్చి, రికార్డింగు విని ప్రతి దెబ్బకీ చేత్తో మార్కరు పెట్టుకోండి. అప్పుడు ఫ్రేముల లెక్క ఆ మార్కర్లదే, 20 అని మొండికేయకండి.

నాలుగో మెట్టు: మొదటి శబ్దం

బొమ్మ కన్నా ముందు శబ్దం రావాలి. తెర నల్లగా ఉండగా వినపడిన శబ్దం చెవికి ఒక ఊరిని కట్టి ఇస్తుంది. ఆ తర్వాత వచ్చిన బొమ్మను కన్ను ఆ ఊళ్లోదిగానే చూస్తుంది.

సముద్రాన్ని నీళ్ల అంచున నిలబడి రికార్డు చేస్తే స్టేషన్ దొరకని రేడియోలా బుస తప్ప ఏమీ రాదు. సరుగుడు తోటల వెనక్కి రెండు మూడు వందల మీటర్లు నడవండి. అక్కడ బుస తగ్గి, అడుగున మూలుగులాంటి చప్పుడు, అల అలకీ మధ్య ఖాళీ వినపడతాయి. తెల్లవారకముందే వెళ్లండి, పొద్దెక్కాక సముద్రపు గాలి లేచి మైకును కొడుతుంది. మైకుకి బొచ్చు తొడుగు, 80 హెర్ట్జ్ కింద కోత, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మీటరు మైనస్ 12 దాటకుండా. ఎవరూ మాట్లాడకుండా కనీసం రెండు నిమిషాలు.

దీనికి తోడు దగ్గరి శబ్దం ఒకటి చాలు. పడవ అంచు మీద తాడు రాపిడి అనుకోండి. మైకు జానెడు దూరంలో పెట్టి తీయండి. దూరపు సముద్రం, చెవి పక్కన తాడు, ఈ రెండింటి మధ్య ఖాళీలోనే రాని మనిషి ఉన్నాడు. మూడో శబ్దం పెడితే ఆ ఖాళీ పూడిపోతుంది.

అయిదో మెట్టు: బొమ్మలు

మనుషుల ముఖాలు వద్దు. ముఖం కనపడగానే కన్ను దాన్ని చదవడం మొదలుపెడుతుంది, పేరును వదిలేస్తుంది. చేతులు, వస్తువులు, నేల తీయండి: వలకి కట్టిన బెండ్లు, సీసపు గుండ్లు, తాడు ముడి, ఇసుకలో ఎండ్రకాయ గీతలు, ఎండబెట్టిన చేపల మీద ఉప్పు, గుంజకి వేలాడుతున్న చొక్కా. ప్రతి షాటులో పేరు కూర్చోడానికి మూడో వంతు ఖాళీ వదలండి. ఎడిటింగులో ఎక్కువమంది ఏడ్చేది దీనికే: షాటు నిండుగా తీస్తారు, తర్వాత పేరుకి చోటుండదు.

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అస్తమించేది ఊరి వైపు. లేచేది జనవరిలో ఆరున్నర దాటాక, జూన్‌లో ఆరు లోపే. ఎదురుచూపుకి సూర్యుడు లేచే క్షణం వద్దు, దానికి ముందు అరగంట నీలపు వెలుగు కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరు వైపు గట్టిగా పడతాయి, షెడ్యూలు ఆ నెలల్లో పెట్టుకోకండి. షట్టరు 1/50 ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద 1/60 పెడితే వెలుగు మిణుకుతుంది, 1/50 అయితే నిలకడగా ఉంటుంది.

పేరు పడే షాటులో అలల నురగ వద్దు. నురగలో ప్రతి ఫ్రేమూ వేరే బొమ్మ, యూట్యూబ్ దాన్ని కుదించలేక ముక్కలు ముక్కలు చేస్తుంది, పక్కనున్న అక్షరాల అంచులు కూడా చెదురుతాయి. తడి ఇసుక, ఆకాశం, నీడలో ఉన్న చెక్క మంచి చోట్లు.

సినిమా పేరుకి మాత్రం వేరే బొమ్మ కావాలి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ముక్క తెచ్చుకోండి. పాలిష్ పట్టిన అడుగున్నర ముక్క ఏ కటింగ్ షెడ్డులోనైనా దొరుకుతుంది. నల్లటి రాయిలో బంగారు రవ్వలు. వెలుగు కోణం మారితే ఒక రవ్వ ఆరి ఇంకోటి వెలుగుతుంది. దగ్గరగా తీస్తే అది రాయిలా ఉండదు, రాత్రి సముద్రం మీద దూరంగా కదిలే పడవల దీపాల్లా ఉంటుంది.

తీసే పద్ధతి ఇది. గది చీకటి చేయండి. రాయిని బల్ల మీద పరిచి మెత్తటి గుడ్డతో రెండుసార్లు తుడవండి, వేలిముద్ర పడితే తెర మీద మబ్బులా కనపడుతుంది. కెమెరా నిలువుగా పైనుంచి పెడితే పాలిష్‌లో కెమెరాయే కనపడుతుంది. 45 డిగ్రీలు వంచి, ఎదురుగా నల్లగుడ్డ కట్టండి. చిన్న ఎల్‌ఈడీ లైటు ఒక్కటే, రాయి అంచుకి దాదాపు సమానమైన ఎత్తులో, 10 సెకన్లలో ఎడమ నుంచి కుడికి చేత్తో జరపండి. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి రవ్వల మీద లాక్ చేయండి. ఆటోలో ఉంటే ప్రతి మెరుపుకీ లెన్సు వెతుక్కుంటుంది. పది టేకులు తీస్తే రెండు బాగా వస్తాయి. చెయ్యి తడబడిన టేకులు నెమ్మదిస్తే పనికొస్తాయని దాచుకోకండి, రవ్వల మిణుకు నెమ్మదిస్తే నకిలీగా కనపడుతుంది.

బొమ్మలో ఏమీ లేకపోయినా సంగీతం ఎంత పని చేయగలదో తెలియాలంటే 1960లో వచ్చిన "సైకో" టైటిల్స్ చూడండి. సాల్ బాస్ చేసిన గీతలు అడ్డంగా, నిలువుగా జారుతుంటాయి, అంతే. భయమంతా బెర్నార్డ్ హెర్మన్ తంత్రీ వాద్యాలు మాత్రమే వాడి కట్టిన సంగీతంలో ఉంది. శబ్దం తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే ఈ వ్యాసంలో సగం అక్కడే అర్థమవుతుంది.

ఆరో మెట్టు: తెలుగు అక్షరం

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితం. లావుపాటి రామభద్ర సినిమా పేరుకి, మండలి మిగతా పేర్లకి సరిపోతాయి. 1080 తెర మీద పేరు 64 పిక్సెళ్లు, దానిపైన ఆ మనిషి చేసిన పని (మాటలు, సంగీతం లాంటివి) 38. వరసల మధ్య దూరం అక్షరానికి 1.6 రెట్లు ఉంచండి. ఇంగ్లీషు లెక్కన 1.2 పెడితే పై వరస వత్తులు కింది వరస గుడి మీద కూర్చుంటాయి. అంచుల నుంచి 96 పిక్సెళ్లు పక్కలకి, 54 పైనా కిందా ఖాళీ.

పేర్లు టైపు చేశాక "లక్ష్మి", "వెంకటేశ్వర్లు", "కృష్ణ", "స్త్రీ" అని వేసి చూడండి. వత్తులు విడిపోతే ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి వాటిలో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కి మార్చాలి. అయినా కుదరకపోతే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేరు రాసి, వెనక ఖాళీతో పీఎన్‌జీగా తీసి వాడండి, ఇది మోసం చేయదు. అక్షరాల మధ్య ఎడం పెంచకండి, ఒక్కో అక్షరాన్ని విడిగా ఎగిరించే యానిమేషన్ వేయకండి. గుణింతం, వత్తు అక్షరం నుంచి ఊడిపోతాయి. ఒక మనిషి పేరును విరగ్గొట్టి తెర మీద చూపించడం ఆయన పనికి చేసే అవమానం. మొత్తం పేరు ఒకేసారి రావాలి, ఒకేసారి పోవాలి. రంగు పూర్తి తెలుపు వద్దు, కాస్త బియ్యపు రంగు కలిసిన తెలుపు నీలపు వెలుగులో కళ్లకి హాయి.

ఏడో మెట్టు: కూర్పు

మొదటి ఆవర్తనం, 0 నుంచి 159 ఫ్రేముల దాకా, నలుపు. దూరపు సముద్రం. బ్యానర్ పేరు రెండో సగంలో. రెండో ఆవర్తనంలో నీలపు తీరం, షడ్జమం మెల్లగా లేస్తుంది. మూడులో సమర్పణ. నాలుగులో తాడు, దాని రాపిడి, ఆఖరి రెండు దెబ్బలు, అంటే 600 నుంచి 639 దాకా, అన్ని శబ్దాలూ ఆపేయండి. సముద్రం కూడా. ఆ 40 ఫ్రేముల నిశ్శబ్దం లేకపోతే గాంధారం వచ్చినా తెలియదు.

640లో గాంధారం, గ్రానైటు, సినిమా పేరు. ఒకటిన్నర ఆవర్తనం, 240 ఫ్రేములు, అంటే 10 సెకన్లు ఉంచండి. తర్వాత అర ఆవర్తనం ఏ పేరూ లేకుండా ఖాళీ తీరం. 7, 8, 9 ఆవర్తనాల్లో నటీనటులు. 10, 11, 12లో ఆవర్తనానికి రెండేసి కార్డులు, ఒక్కోటి 80 ఫ్రేములు: మాటలు, కళ, ఎడిటింగ్, ఛాయాగ్రహణం, సంగీతం, నిర్మాత. పదమూడోది దర్శకుడిది. 2000వ ఫ్రేము దగ్గర సంగీతం ఆగి సముద్రం ఒక్కటే మిగలాలి. 2080లో సినిమా మొదటి షాటు, అదే సముద్రపు శబ్దం తెగకుండా.

పేరు పడే తీరు: 8 ఫ్రేముల ఫేడ్ ఇన్ దెబ్బ మీద మొదలవ్వకూడదు, దెబ్బ మీద ముగియాలి. దెబ్బకి మొదలుపెడితే పేరు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినట్టుంటుంది. కట్ విషయంలో అనుమానం ఉంటే బొమ్మను ఒక ఫ్రేము ముందుకు లాగండి. శబ్దం బొమ్మ కన్నా ముందొస్తే కన్ను వెంటనే పసిగడుతుంది, కాస్త వెనకబడితే క్షమిస్తుంది. ప్రతి కట్టూ దెబ్బ మీదే వేస్తే కవాతులా ఉంటుంది. ఎదురుచూపులో రెండు మూడు కట్లు దెబ్బ దాటి అర దెబ్బకి, అంటే 10 ఫ్రేములకి పడాలి.

ఎనిమిదో మెట్టు: సరిచూడటం

యూట్యూబ్ మైనస్ 14 లౌడ్‌నెస్ యూనిట్లకి మించిన శబ్దాన్ని తగ్గించేస్తుంది. శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి. టైటిల్స్ సంగీతం మాటల కన్నా గట్టిగా పెడితే, చూసేవాడు మొదట్లోనే వాల్యూమ్ తగ్గించుకుంటాడు, ఆ తర్వాత మొదటి డైలాగు వినపడదు. ముందు సినిమాలో నెమ్మదైన డైలాగు విని, దానికి తగ్గట్టు టైటిల్స్ దించండి.

హక్కుల సంగతి క్లుప్తంగా. భారత చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు కర్త పోయాక 60 ఏళ్లు ఉంటుంది. 1847లో పోయిన త్యాగరాజు కృతి ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఆ కృతిని ఎవరో పాడిన రికార్డింగు మీద హక్కు వేరు, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. మీ వేణువు విద్వాంసుడితో డబ్బు, వాడుక, పేరు పడే తీరు మూడూ రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి.

చివరగా ఐదుగురిని పిలవండి, కథ తెలియనివాళ్లని. ఇద్దరికి శబ్దం లేకుండా చూపించండి, ఇద్దరికి బొమ్మ లేకుండా వినిపించండి, ఒకరికి రెండూ. ఒక్క మాటలో ఏమనిపించిందో చెప్పమనండి. శబ్దం విన్నవాళ్లు "ఎవరికోసమో చూస్తున్నట్టుంది" అని, బొమ్మ చూసినవాళ్లు "బాగుంది" అని ఊరుకుంటే లోపం షాట్లలో ఉంది, మళ్లీ తీరానికి వెళ్లండి. బొమ్మ వాళ్లు పట్టుకుని శబ్దం వాళ్లు పట్టుకోకపోతే ముందుగా తంబూర కోత సరిగ్గా పడిందో లేదో వినండి. పదింట తొమ్మిదిసార్లు గాంధారం అక్కడే బయటపడి ఉంటుంది.